ఇల్లు కొనేవారికి సమగ్ర మార్గదర్శి: బయానా ఇవ్వకముందే తేల్చుకోవలసిన లెక్కలు, కాగితాలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇల్లు కొనేవారు నన్ను అడిగే ప్రశ్న చాలాసార్లు ఇలా ఉంటుంది: "నచ్చిన ఇల్లు దొరికింది, బయానా ఇచ్చాం, ఇక ఏమేం చూసుకోవాలి?" చూసుకోవలసినవి దాదాపు అన్నీ బయానాకు ముందే చూసుకోవాలి. డబ్బు చేతులు మారిన తర్వాత బేరమాడే బలం మనకు ఉండదు, కాగితాల్లో లోపం కనిపించినా దాన్ని చిన్నదిగా చూడాలనే మనసు కలుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పనులను చేయవలసిన వరుసలోనే పెట్టాను. వరుస మార్చకుండా చదవండి.

1. ఇల్లు చూడడానికి వెళ్లకముందే మీ అంకె రాసుకోండి

బ్యాంకు ఎంత రుణం ఇస్తుందన్నది మొదటి ప్రశ్న కాకూడదు. నెలనెలా ఎంత కట్టగలరో ముందుగా తేల్చుకోవాలి. చేతికొచ్చే జీతంలో అన్ని అప్పుల వాయిదాలు కలిపి 40 శాతం దాటకూడదని నేను గట్టిగా చెబుతాను. పిల్లల చదువులు సాగుతున్న ఇంట్లో 35 శాతమే మేలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటికి 75,000 రూపాయల జీతం వస్తోంది. 30 లక్షల రుణం 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 26,035 రూపాయలు. అంటే జీతంలో దాదాపు 35 శాతం. బైకు వాయిదాకో, వ్యక్తిగత రుణానికో మరో ఎనిమిది వేలు పోతున్న ఇంటికి ఇదే వాయిదా బరువవుతుంది.

తర్వాత సొంత డబ్బు లెక్క. ఇందులో ఏది కలపాలి, ఏది కలపకూడదు అన్నది ఇలా చూసుకోండి:

• కలపవచ్చు: పొదుపు ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఇప్పటికే చేతికి వచ్చిన చిట్టీ డబ్బు.
• కలపకూడదు: ఆరు నెలల ఇంటి ఖర్చు, రాబోయే ఏడాది ఫీజులు, తల్లిదండ్రుల వైద్యానికి పక్కన పెట్టినది.
• అస్సలు కలపకూడదు: ఇంకా ఎత్తని చిట్టీ. ఏ నెల పాట మీకు దక్కుతుందో, ఎంత తగ్గించి పాడవలసి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

2. ఆరు నెలలు ఉత్తుత్తి వాయిదా కట్టి చూడండి

ఇప్పుడు 12,000 అద్దె కడుతున్నారనుకోండి. సొంత ఇంట్లో వాయిదా 26,000, నిర్వహణ ఖర్చు, ఆస్తి పన్ను కలిపి మరో 2,500 అవుతుంది. తేడా 16,500. ఆ మొత్తాన్ని ప్రతి నెలా జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చండి.

ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఖాతా ముట్టకపోతే మీ అంకె సరైనదే, పైగా 99,000 రూపాయలు చేతిలో ఉంటాయి. రెండోసారి ముట్టవలసి వస్తే రుణం తగ్గించుకోవాలి, లేదా ఇంకో ఏడాది ఆగాలి. ఏ పట్టికా చూపలేని నిజాన్ని ఈ పరీక్ష చూపిస్తుంది కాబట్టి, దయచేసి దీన్ని దాటవేయకండి.

3. చెప్పిన ధర పక్కన అసలు ఖర్చు రాయండి

హనుమకొండలో ఒక పాత ఫ్లాటుకు 42 లక్షల దగ్గర బేరం కుదిరిందనుకుందాం. కొనేవారు సాధారణంగా వేసే లెక్క ఇది: రుణం 30 లక్షలు, సొంతం 12 లక్షలు, అంతటితో సరి. వాస్తవంలో ఇలా ఉంటుంది:

• ఇంటి ధర: 42,00,000
• స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, కలిపి 7.5 శాతం: 3,15,000
• మధ్యవర్తి కమీషన్ ఒక శాతం అనుకుంటే: 42,000
• న్యాయవాది, బ్యాంకు ప్రాసెసింగ్, మదింపు, డాక్యుమెంట్ రైటర్ ఖర్చులు సుమారు: 45,000
• రంగులు, నీటి పైపులు, వంటగది, గ్రిల్స్ సుమారు: 2,50,000

మొత్తం 48,52,000. రుణం పోగా సొంతంగా కావలసింది 18.5 లక్షలు. అనుకున్న 12 లక్షలకూ దీనికీ మధ్య ఆరున్నర లక్షల లోటు ఉంది. ఈ లోటును మన దగ్గర చాలామంది రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పూడుస్తారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆరున్నర లక్షల మీద నెలకు 13,000 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. బ్యాంకు వాయిదాతో కలిపితే 39,000 దాటుతుంది, 75,000 జీతంలో సగానికి మించిపోతుంది. ఇల్లు కొన్న రెండో ఏడాదే బంగారం కుదువ పెట్టిన కుటుంబాల కథ చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

స్టాంప్ డ్యూటీ విషయంలో ఒక జాగ్రత్త: ఒప్పంద ధర, ప్రభుత్వ మార్కెట్ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీదే లెక్క కడతారు. కొత్తగా కడుతున్న ఫ్లాటుకైతే జీఎస్టీ కూడా కలుస్తుంది. సాధారణంగా 5 శాతం. ధర 45 లక్షల లోపు ఉండి, మహానగరాలు కాని మన వంటి చోట్ల కార్పెట్ ఏరియా (గోడల మధ్య వాడుకునే స్థలం) 90 చదరపు మీటర్లు మించకపోతే 1 శాతం. పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ ఉండదు.

4. రుణం గురించి తెలుసుకోవలసినవి

రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల వరకు రుణానికి ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మాత్రమే ఇవ్వవచ్చు. పది లక్షలకు మించిన ఇళ్లకు స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. కాబట్టి వాటిని చేతి డబ్బుతోనే కట్టాలి.

కాలవ్యవధి ఎంచుకోవడం దగ్గర ఎక్కువ సమయం వెచ్చించండి. పైన చెప్పిన 30 లక్షల రుణానికి 20 ఏళ్లలో కట్టే వడ్డీ 32 లక్షలు దాటుతుంది. అదే 15 ఏళ్లకు తీసుకుంటే వాయిదా సుమారు 29,540 అవుతుంది, వడ్డీ 23 లక్షల చిల్లరకు దిగుతుంది. నెలకు మూడున్నర వేలు ఎక్కువ కట్టినందుకు తొమ్మిది లక్షలకు పైగా మిగులుతుంది.

ఆ మూడున్నర వేలు ప్రతి నెలా ఖాయంగా వస్తాయన్న నమ్మకం లేకపోతే 20 ఏళ్లకే తీసుకొని, బోనసు వచ్చినప్పుడో, పంట కౌలు వచ్చినప్పుడో అసలులో జమ చేయండి. వ్యక్తులు తీసుకునే మారే వడ్డీ గృహ రుణాలకు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదు. మొదటి నెల వాయిదా 26,035లో 21,250 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 4,785 మాత్రమే. అందుకే తొలి ఏళ్లలో కట్టే అదనపు మొత్తానికి విలువ ఎక్కువ.

వడ్డీ ఒక శాతం పెరిగి 9.5 అయితే వాయిదా 27,960 దాకా వెళుతుంది. బ్యాంకులు చాలాసార్లు వాయిదా పెంచకుండా కాలం పొడిగిస్తాయి, మనకు తెలియకుండానే అప్పు ఏళ్లు పెరుగుతుంది. ఏడాదికోసారి రుణ ఖాతా వివరాలు తీసుకొని మిగిలిన నెలలు లెక్కపెట్టండి.

పన్ను మినహాయింపు వస్తుందని పెద్ద రుణం తీసుకోకండి. సొంతంగా నివసించే ఇంటి వడ్డీ మీద రెండు లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానం ఎంచుకున్నవారికి అది లేదు.

5. స్థలం, నీరు, చుట్టుపక్కల

ఇంటిని ఎండాకాలం ఆదివారం పొద్దున చూసి నిర్ణయించవద్దు. 2020 ఆగస్టులోను, 2023 జులైలోను నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీట మునిగాయి. అలాంటి చోట ఒక బంధువు కోసం నేను చూసిన ఇల్లు బయటికి ముచ్చటగా ఉంది, గోడలకు కొత్త రంగు వేశారు. మెట్ల కింద కరెంటు మీటరును మాత్రం నేల నుంచి ఐదడుగుల ఎత్తుకు మార్చారు, పాత బోర్డు మేకుల గుర్తులు కిందనే ఉన్నాయి. గోడ అలమర వెనుక పలక ఉబ్బి పొరలు లేచి ఉంది. పక్కింటి పెద్దావిడను అడిగితే తమ గేటు స్తంభం మీద నడుము ఎత్తున చెయ్యి పెట్టి, "గిక్కడిదాక వచ్చినయ్ బిడ్డా నీళ్లు, మూడు దినాలు మిద్దె మీదనే ఉన్నం" అన్నది. ఆ ఒక్క మాట ఏ దస్తావేజులోనూ ఉండదు.

• వర్షం పడుతున్నప్పుడు, పడిన మర్నాడు ఒకసారి వెళ్లండి. నాలా ఎటు పోతుందో నడిచి చూడండి.
• చెరువు దగ్గరైతే పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడుందో నీటిపారుదల శాఖ కాగితంలో చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదు.
• ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి వంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. పాత ఇల్లు తీసుకొని పైన అంతస్తు వేద్దామనుకునేవారు ముందు ఈ దూరం కొలవాలి.
• బోరు నీళ్లు మే నెలలో ఎలా ఉంటాయో అమ్మేవారిని వదిలి అద్దెకున్నవారిని అడగండి.

మామునూరు విమానాశ్రయం పేరు, రింగు రోడ్డు పేరు చెప్పి గజానికి వేలు పెంచుతున్నారు. ఆ పనులు పూర్తయితే మంచిదే. మీరు మాత్రం ఈ రోజు ఉన్న రోడ్డుకు, ఈ రోజు ఉన్న నీటికి ఎంత ఇవ్వవచ్చో అంతే ఇవ్వండి.

6. కాగితాలు: ఈ అంచెలో తొందర వద్దు

ముందుగా నా అనుభవం చెబుతాను. సుమారు పదేళ్ల కిందట ఒక పాత ఇంటికి రెండు లక్షలు బయానా ఇచ్చాను. మూడో వారంలో బ్యాంకు న్యాయవాది ఫైలు వెనక్కి పంపారు. ఇల్లు అమ్మేవారి తండ్రి పేర ఉండేది, ఆయన పోయాక ఇద్దరు కొడుకులు పంచుకున్నారు, ఇద్దరు ఆడబిడ్డల సంతకాలు ఎక్కడా లేవు. నా బయానా కాగితంలో రుణం రాకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలన్న వాక్యం లేదు. ఎనిమిది నెలలు తిరిగితే విడతలుగా లక్షా అరవై వేలు వచ్చాయి, మిగిలిన నలభై వేలు రాలేదు. న్యాయవాదికి ముందే ఐదారు వేలు ఇచ్చి చూపించి ఉంటే అసలు బయానా దాకా పోయేవాడిని కాదు.

అమ్మేవారి నుంచి జిరాక్సులు అడిగి తీసుకోవలసినవి:

• ప్రస్తుత దస్తావేజు, దానికి వెనుకటి లింకు డాక్యుమెంట్లన్నీ, వీలైతే 30 ఏళ్లవి.
• ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), అదే కాలానికి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే స్వయంగా తీయండి, అమ్మేవారు ఇచ్చినదాని మీద ఆధారపడకండి.
• ఇంటి అనుమతి, ప్లాను, నివాస యోగ్యతా ధ్రువపత్రం.
• ప్లాటు అనధికార లే అవుట్‌లోనిదైతే ఎల్‌ఆర్‌ఎస్ (లే అవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద ఇచ్చిన క్రమబద్ధీకరణ ఉత్తర్వు.
• ఆస్తి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లుల తాజా రసీదులు.
• వారసత్వ ఆస్తి అయితే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. ఆడబిడ్డలతో సహా వారసులందరూ దస్తావేజులో సంతకం చేయాలి.

ఈసీ శుభ్రంగా ఉంటే అంతా బాగున్నట్లే అనుకోవడం పెద్ద పొరపాటు. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. సాదాబైనామా (రిజిస్టరు కాకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం), నోటరీ అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న దావా కనిపించకపోవచ్చు. ఈసీని ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరు, ప్లాటు నంబరుతో మరోసారి వెతకండి. పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు వేర్వేరుగా ఉంటే రెండింటితోనూ వెతకాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో, అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచినది) ఏమో కూడా అప్పుడే చూడండి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఒక తికమక ఉంది. 2016లో పాత వరంగల్ జిల్లాను విడదీశారు, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగాను, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గాను మారింది. ఒకే ఇంటి 2012 దస్తావేజులో వరంగల్ జిల్లా అని, 2018 దానిలో వరంగల్ అర్బన్ అని, 2022 దానిలో హనుమకొండ అని ఉండవచ్చు. జిల్లా పేరు మారడం లోపం కాదు. సర్వే నంబరు, గజాల విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు మాత్రం అన్నింటిలోనూ కలవాలి. దస్తావేజులో 200 గజాలు ఉంటే టేపు పట్టి కొలిపించండి. 185 వస్తే డబ్బు 185కే ఇవ్వాలి.

అమ్మేవారు విదేశంలో ఉండి ఇక్కడి బంధువుకు జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇచ్చిన సందర్భాలు మన దగ్గర చాలా ఎక్కువ. ఆ అధికార పత్రం చెల్లుబాటులో ఉందా, ఇచ్చిన వ్యక్తి జీవించి ఉన్నారా అన్నది వీడియో కాల్‌లో ఆయనతోనే మాట్లాడి తెలుసుకోండి. జీపీఏ ఆధారంగా ఇల్లు చేతులు మారినంత మాత్రాన యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

7. ఫ్లాటు అయితే అదనంగా

1,200 చదరపు అడుగులని చెప్పిన ఫ్లాటులో గోడల మధ్య వాడుకునే స్థలం 860 మాత్రమే ఉండవచ్చు. 42 లక్షలను 1,200తో భాగిస్తే అడుగు 3,500, అదే 860తో భాగిస్తే 4,880 దాటుతుంది. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియా ధరతోనే పోల్చండి. మీ వాటాకు వచ్చే భూమి ఎన్ని గజాలో దస్తావేజులో ఉండాలి.

అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో పది శాతం భాగాన్ని బిల్డరు స్థానిక సంస్థకు తనఖా పెడతారు. నివాస యోగ్యతా ధ్రువపత్రం వచ్చాకే అది విడుదలవుతుంది. మీరు చూస్తున్న ఫ్లాటు ఆ భాగంలో ఉందేమో తప్పక అడగండి. ప్లానులో నాలుగంతస్తులుండి, మీకు ఐదోది చూపిస్తే అక్కడితో మాట ఆపేయండి.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా తెలంగాణ రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. నమోదైన ప్రాజెక్టులో రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ‘ప్రీ లాంచ్ ధర’ అని మొత్తం ముందే కట్టమంటే, ఎంత తక్కువ ధరైనా ఒప్పుకోకండి.

8. ఇప్పుడు బయానా, అగ్రిమెంటు

ఇంతవరకు వచ్చాకే బయానా. మొదట చిన్న మొత్తమే, ధరలో ఒకటి రెండు శాతం చాలు. చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారా, యజమాని ఖాతాలోకే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. నగదు ఇచ్చిన మీకు రుజువు మిగలదు.

అగ్రిమెంటులో ఈ మాటలు ఉండాలి:

• బ్యాంకు న్యాయ పరిశీలనలో తిరస్కరిస్తే బయానా మొత్తం 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి.
• అమ్మేవారి మీద ఉన్న రుణం ఎంత, దాన్ని ఎవరు, ఏ తేదీకి తీరుస్తారు.
• రిజిస్ట్రేషన్ గడువు కనీసం 60 రోజులు. 30 రోజులకు ఒప్పుకుంటే రుణం రాక ముందే గడువు ముగిసి, బయానా పోయే ప్రమాదం ఉంది.
• ఇల్లు ఖాళీ చేసి అప్పగించే తేదీ, ఇంట్లో వదిలే వస్తువుల జాబితా.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

ధర తక్కువ చూపించడం: డ్యూటీ మిగులుతుందని 42 లక్షల ఇంటిని 30 లక్షలకు రిజిస్టరు చేయిస్తారు. అప్పుడు బ్యాంకు చాలా సందర్భాల్లో 30 లక్షల మీదే రుణం లెక్కిస్తుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. పూర్తి ధరే చూపించండి.

బ్యాంకు అంటగట్టే బీమా: రుణంతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టే పాలసీని అప్పులోనే కలిపేస్తారు, దానికి 20 ఏళ్లు వడ్డీ పడుతుంది. రుణ మొత్తానికి సరిపడే టర్మ్ పాలసీని విడిగా, ఏటా కట్టేలా తీసుకోండి. బీమా మాత్రం తప్పనిసరిగా ఉండాలి.

అద్దె వస్తుందని రెండో ఇల్లు: 42 లక్షల ఇంటికి నెలకు 12,000 అద్దె వస్తే ఏడాదికి మూడున్నర శాతం కూడా కాదు, అప్పు వడ్డీ ఎనిమిదిన్నర. నివసించడానికి కొనే ఇంటికి ఈ లెక్క ఒక్కటే ప్రమాణం కాదు, అద్దె కోసమే కొనేవారికి మాత్రం ఇదే అసలు లెక్క.

10. రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం పన్ను మీరే మినహాయించి అమ్మేవారి పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఈ ఒక శాతం నియమం వర్తించదు, ధర ఎంతైనా ఎక్కువ శాతం మినహాయించాలి. లేకపోతే ఆ బాధ్యత మీ మీద పడుతుంది కాబట్టి చార్టర్డ్ అకౌంటెంటును అడిగాకే చెల్లించండి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఈసీ మరోసారి తీయండి. సంతకానికి ముందు దస్తావేజు ముసాయిదాలో పేర్లు, ఆధార్‌తో సరిపోయే స్పెల్లింగులు, హద్దులు, గజాలు వేలు పెట్టి చదవండి. తప్పు దొర్లితే సవరణ దస్తావేజుకు అమ్మినవారు మళ్లీ రావలసి ఉంటుంది, అప్పటికి వారు ఎక్కడుంటారో తెలియదు.

తర్వాతి నెల రోజుల్లో ఆస్తి పన్ను, నీటి కనెక్షను, కరెంటు మీటరు మీ పేరుకు మారాయో లేదో చూసుకోండి. బ్యాంకుకు ఇచ్చిన అసలు పత్రాల జాబితాను ముద్రతో తీసుకొని, దాని జిరాక్సును ఇంట్లో ఒకటి, దగ్గరి బంధువు దగ్గర ఒకటి ఉంచండి. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు ఆ పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి, దాని వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం చెల్లించాలి. పత్రాలు తెచ్చుకున్నాక తనఖా రద్దు కూడా రిజిస్టరు చేయించి, ఇంకొక్కసారి ఈసీ తీసి అందులో ఆ రద్దు కనిపిస్తోందో లేదో చూడండి.